మూడు రోజుల శిక్షణ, మూడు నెలల తరువాత

గుంటూరులోని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు శాఖలో మరణించిన ఖాతాదారుల డిపాజిట్ క్లెయిముల పని చూసే నన్ను, మరో నలుగురు సహోద్యోగులను విజయవాడలోని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థకు మూడు రోజుల కోసం పంపారు. చివరి సాయంత్రం ఇచ్చిన అభిప్రాయ పత్రంలో భోజనం ఎలా ఉంది, ఏసీ పనిచేసిందా, వక్తలు ఆకట్టుకున్నారా అని అడిగారు; అన్నింటికీ ‘చాలా బాగుంది’ అని టిక్కు పెట్టి, బస్సు వేళ మించిపోతోందని లేచి వచ్చేశాము. శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలని అమెరికా ఆచార్యుడు డోనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లోనే చెప్పారు: పాల్గొన్నవారికి నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిచేసే తీరు మారిందా, సంస్థకు ఫలితం దక్కిందా. మేము నింపిన కాగితం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. మూడో మెట్టు సంగతి తేలాలంటే కౌంటరు వెనుక కొంతకాలం కూర్చోవాలి కనుక, ఈ సమీక్షను మూడు నెలలు ఆగి రాస్తున్నాను.

మొదటి రోజంతా సానుకూల దృక్పథం, చిరునవ్వుతో పలకరింపు. సర్వరు మొరాయించి ఇరవై మంది కౌంటరు ముందు నిలబడినప్పుడు ఆ చిరునవ్వు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో వక్త చెప్పలేదు.

పెట్టిన ఖర్చుకు న్యాయం చేసింది రెండో రోజు. పదవీ విరమణ చేసిన ఒక మేనేజరు గారు పేర్లు చెరిపేసిన పాత క్లెయిము ఫైలు నకళ్లను మా చేతికిచ్చి, ‘ఖాతాదారు మరణించారు, నామినీ వచ్చి ఎదురుగా కూర్చున్నారు, ఏయే కాగితాలు అడుగుతారో రాయండి’ అన్నారు. ఒకే శాఖ నుంచి వెళ్లిన ఐదుగురం ఐదు రకాల జాబితాలు రాశాము. అందులో ముగ్గురం వారసత్వ ధ్రువపత్రం కూడా అడిగాము. నామినీ ఉన్నప్పుడు ఆ పత్రం కోసం పట్టుబట్టరాదని, మరణ ధ్రువీకరణతో సహా క్లెయిము అందిన 15 రోజుల్లోగా పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు 2005 జూన్‌లోనే బ్యాంకులను ఆదేశించింది. ఈ సంగతి మాకు తెలియక కాదు, రేపు ఆడిట్‌లో ఎవరైనా వేలెత్తి చూపుతారేమోనన్న భయంతో అదనపు కాగితం అడుగుతూ వచ్చాము. కోర్టు నిషేధ ఉత్తర్వు లేనంతవరకు నామినీకి చెల్లించడంతో బ్యాంకు బాధ్యత తీరిపోతుందని, నామినీ ఆ సొమ్మును వారసుల తరఫున ధర్మకర్తగా మాత్రమే అందుకుంటారని ఆయన ఒక్కొక్క ఫైలు చూపిస్తూ వివరించాక ఆ భయం చాలావరకు తొలగింది.

ఇంతకుముందు మిర్చి యార్డులో హమాలీగా పనిచేసి చనిపోయిన ఒక ఖాతాదారు భార్యను నేనే నాలుగుసార్లు తిప్పాను, వచ్చిన ప్రతిసారీ మరో కాగితం పేరు చెప్పి. ఇప్పుడు కావలసినవన్నీ మొదటి రోజే ఒకే కాగితం మీద రాసి, తేదీ వేసి ఇస్తున్నాను. ఎక్కువమంది రెండో రాకతోనే పని ముగించుకుని వెళుతున్నారు.

మూడో రోజు కొత్త సాఫ్ట్‌వేరు. నలభై మందికి ఒక ప్రొజెక్టరు, ఒక్క కంప్యూటరైనా లేదు. ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే. తిరిగి వచ్చాక పక్క సీటులోని కుర్రవాడి దగ్గర అరగంటలో నేర్చుకున్నాను.

భోజనం మాత్రం నిజంగానే బాగుంది, గోంగూర పచ్చడితో సహా. హాలు బెంజి సర్కిల్‌కు దగ్గర కాబట్టి గుంటూరు నుంచి రోజూ బస్సులో వెళ్లి రావచ్చు.

శిక్షణ సంస్థ మీద మోపలేని లోపం ఒకటుంది. వెళ్లిన ఐదుగురిలో ఇద్దరిని రెండు నెలలు తిరగకుండానే రుణాల విభాగానికి మార్చారు, క్లెయిముల సీట్లలో శిక్షణ లేని కొత్తవారు కూర్చున్నారు. కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరు 2న ఆమోదించిన మిషన్ కర్మయోగి, ఉద్యోగి నిర్వహించే పాత్రను బట్టి శిక్షణ ఉండాలంటుంది. అది కేంద్ర ప్రభుత్వోద్యోగుల కోసం రూపొందించినదే అయినా, మా వంటి సంస్థలు అరువు తెచ్చుకోదగిన ఆలోచన.

తదుపరి విడతకు పేర్లు పంపమన్నప్పుడు రెండు మాటలు రాసి పంపాను: రెండో రోజు పాఠాన్నే రెండు రోజులు చెప్పించాలి, తిరిగి వచ్చాక కనీసం ఏడాది అదే సీటులో ఉండేవారినే పంపాలి. పేర్ల జాబితా ఆమోదం పొంది వచ్చింది. ఈ రెండు మాటలకు జవాబు ఇంకా రాలేదు.