ఎమ్‌జీబీలో మాజ్దా ఇంజిన్, దాన్ని నడిపించే మెగాస్క్విర్ట్-2

నా 1965 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) నా చేతికి వచ్చేటప్పటికే దాని సొంత 1798 సీసీ ఇంజిన్ పోయి, ఆ స్థానంలో మొదటి తరం మాజ్దా ఎమ్‌ఎక్స్-5కు చెందిన 1597 సీసీ ట్విన్ క్యామ్ ఇంజిన్ కూర్చుని ఉంది. మౌంట్లు, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు పనులన్నీ పాత యజమాని శ్రద్ధగానే చేయించాడు. చిక్కంతా ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు దగ్గరే వచ్చింది. ఆ కంప్యూటరుకు గాలి లెక్క చెప్పే ఎయిర్‌ఫ్లో మీటరు పెద్ద డబ్బాలాంటిది. లోపల గాలి తోపుకు తెరుచుకునే రేకు తలుపు ఒకటి ఉంటుంది. ఎమ్‌జీబీ బానెట్ కింద దానికి తగిన చోటు లేక, రెండు వంపుల పైపు వేసి ఓ మూలకు చేర్చారు. గతుకు వచ్చినప్పుడల్లా ఇంజిన్ తడబడేది, ఆక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే పికప్ అందేలోపు క్షణం పాటు ఊపిరి ఆగినట్టయ్యేది. తుప్పు కోసి రేకులు మార్చడానికీ, రంగుకూ రెండేళ్లు పట్టింది కానీ దాని సంగతి ఇక్కడ రాయడం లేదు. ఆ పనయ్యాక పాత కంప్యూటరునూ మీటరునూ తీసేసి, వాటి బదులు పెట్టిన మెగాస్క్విర్ట్-2 గురించే ఈ సమీక్ష. ఏడాదిగా నా కారును నడుపుతున్నది అదే. దాని మీద నాకు గౌరవం కుదిరింది. అయితే దాన్ని ట్యూన్ చేయడమంటే సగానికి పైగా కారు వైరింగును బాగుచేయడమేనని ముందే తెలిసి ఉంటే నాకు రెండు నెలలు కలిసివచ్చేవి.

మెగాస్క్విర్ట్‌ను రూపొందించిన వారు బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో. ఇంజిన్ కంట్రోలర్‌ను విడిభాగాలుగా తెచ్చుకొని, ఎవరి బోర్డుకు వారే టంకం వేసుకొని, తమ ఇంజిన్‌కు తగ్గట్టు తామే లెక్కలు సరిచేసుకోవచ్చన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. బిగించి సిద్ధంగా ఉన్న పెట్టెలు కూడా దొరుకుతాయి కానీ, నేను 3.0 రకం బోర్డును కిట్టుగా తెచ్చుకొని నాలుగు సాయంత్రాలు కూర్చుని పూర్తిచేశాను. చేతికి టంకం పని కాస్తయినా అలవాటున్న వారికి ఇదే నా సలహా, ఎందుకంటే ఏ సెన్సరు తీగ బోర్డులో ఏ దారిన వెళుతుందో అప్పుడే కంటికి తెలుస్తుంది, తరువాత దోషం వెతికేటప్పుడు ఆ ఎరుకే అక్కరకు వస్తుంది. ఈ కంట్రోలర్ గాలిని నేరుగా కొలవదు. మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల్లోని) పీడనం, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, ఇంజిన్ వేగం, ఈ మూడింటిని బట్టి సిలిండరులోకి ఎంత గాలి చేరిందో లెక్కగట్టి, దానికి సరిపడినంత సేపు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరును తెరిచి ఉంచుతుంది. పీడనం కొలిచే సెన్సరు బోర్డు మీదే ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్ నుంచి ఒక సన్నని గొట్టం లాగితే చాలు. ఇంజిన్ మార్చిన పాత కారుకు ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదన్నది నా నమ్మకం: బానెట్ కింద ఆ డబ్బా ఉండదు, వంపుల పైపు ఉండదు, ఎయిర్ ఫిల్టరును చల్లని గాలి తగిలే చోట ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

పెట్టె బిగించడానికి ముందు కారులో సరిచేయవలసినవి చాలా కనిపించాయి. 1967 వరకు వచ్చిన ఎమ్‌జీబీలు పాజిటివ్ ఎర్త్ కార్లు. సీట్ల వెనుక 6 వోల్టుల బ్యాటరీలు రెండు ఉండేవి, పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉండేది. ఈ కాలపు ఇంజిన్ కంప్యూటరు అలాంటి కారులో పనిచేయదు. పాత యజమాని దాన్ని నెగటివ్ ఎర్త్‌కు మార్చి ఆల్టర్నేటరు పెట్టాడు కానీ, టాకోమీటరును అలాగే వదిలేశాడు. ఇగ్నిషన్ కాయిల్‌కు వెళ్లే కరెంటును పసిగట్టి తిరిగే ఆ పాత మీటరు, రెండు కాయిళ్లున్న ఇంజిన్‌కు ఎలాగూ పనికిరాదు. డయల్ పాతదే ఉంచి లోపలి సర్క్యూటు మార్పించాక, మెగాస్క్విర్ట్ పంపే సంకేతంతో అది ఇప్పుడు సరిగ్గా చూపిస్తోంది. వీటన్నిటి కంటే ముఖ్యమైనది పెట్రోలు పైపు. కార్బ్యురేటర్ల కాలంలో ఆ పైపుల్లో పీడనం 3 పీఎస్‌ఐకి అటూ ఇటూగా ఉంటే, ఇంజెక్షన్‌కు 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ కావాలి. ట్యాంకు దగ్గర రెండు జానల మేర కార్బ్యురేటర్ రకం రబ్బరు పైపే మిగిలి ఉందని, వేలితో నొక్కినప్పుడు పగుళ్లు తేలితేగానీ నాకు తెలియలేదు. ఇంజిన్ మార్చిన కారు కొన్నవారు మరే పని ముట్టుకోకముందే ట్యాంకు నుంచి ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే ఫ్యూయల్ రైలు దాకా పైపు మీద అచ్చువేసిన అక్షరాలను అంగుళం అంగుళం చదవాలి.

సెన్సర్ల దగ్గర మెగాస్క్విర్ట్ మనం చెప్పిన దాన్నే నమ్ముతుంది. మాజ్దా ఉష్ణోగ్రత సెన్సర్ల లెక్క దానిలో ముందే ఉన్న లెక్కతో కలవదు, కాబట్టి కొలిచి చెప్పాలి. గిన్నెలో మంచు ముక్కలూ నీళ్లూ కలిపి, అందులో సెన్సరు కొస ముంచి, మల్టీమీటరు అంకె నిలకడకు వచ్చేదాకా ఆగి రాసుకున్నాను. తరువాత గోరువెచ్చని నీళ్లలో, చివరికి మరుగుతున్న నీళ్లలో. మూడు ఉష్ణోగ్రతలూ వాటి ఓములూ ఇస్తే మధ్యలో వంపు అంతా ట్యూనర్‌స్టూడియో (ల్యాప్‌టాప్‌లో నడిచే ట్యూనింగ్ సాఫ్ట్‌వేరు) తానే గీసుకుంటుంది. అరగంట పట్టే ఈ పనిని వదిలేస్తే, చల్లని ఇంజిన్‌కు ఎంత పెట్రోలు అదనంగా పోయాలన్న లెక్కంతా తప్పు పునాది మీద పడుతుంది. ఇంకొక విషయం: మాన్యువల్ గేర్ల 1.6 ఇంజిన్‌కు వచ్చే థ్రాటిల్ సెన్సరు నిజానికి ఒక స్విచ్చే; పెడల్ పూర్తిగా వదిలామా, పూర్తిగా తొక్కామా అన్న రెండే సంగతులు చెబుతుంది. మధ్య స్థానాలన్నీ చెప్పే సెన్సరును నేను ఆరు నెలల తరువాత గానీ పెట్టలేదు. అంతవరకు పీడనం పెరిగే వేగాన్ని బట్టే అదనపు పెట్రోలు వేయించుకున్నాను, కారు నడిచింది కానీ పెడల్ కింద ఆ చురుకుదనం రాలేదు.

క్రాంక్ పుల్లీకి 36-1 చక్రం బిగించాను. పది డిగ్రీలకొక పన్ను చొప్పున 36 పళ్లలో ఒకటి లేని చక్రమది, ఆ ఖాళీని చూసి కంట్రోలర్ ఇంజిన్ ఎక్కడుందో తెలుసుకుంటుంది. ఇక్కడ రెండు సెట్టింగుల విషయంలో తొందర పనికిరాదు. మొదటిది స్పార్క్ అవుట్‌పుట్ దిశ. అది తిరగబడితే, కాయిల్‌లో కరెంటు ఆగవలసిన సమయమంతా పారుతూనే ఉండి కాయిల్ కాలిపోతుంది. అందుకే కాయిల్ ప్లగ్గు ఊడదీసి, సంకేతం సరిచూసుకున్నాకనే కలపాలి. రెండవది పళ్ల కోణం. ట్యూనర్‌స్టూడియోలో టైమింగును, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, 10 డిగ్రీల వద్ద కదలకుండా నిలిపి, టైమింగ్ లైటు పట్టి, పుల్లీ మీది 10 డిగ్రీల గీతతో సరిపోయేదాకా ఆ కోణాన్ని మార్చాలి. ఐడ్లింగులో గీత సరిగ్గా కూర్చుంది. సంతోషించి వదిలేయకుండా 3000 ఆర్‌పీఎమ్‌కు పెంచి చూస్తే అది నాలుగు డిగ్రీలు పక్కకు జరిగింది. కారణం ఆ చక్రం పళ్లను చూసే సెన్సరు తీగలు రెండూ తారుమారు కావడం. అలా కలిపినా ఇంజిన్ అందుకుంటుంది, నడుస్తుంది కూడా. వేగం పెరిగే కొద్దీ మాత్రం కంప్యూటరు ఇస్తున్నానని అనుకునే టైమింగు ఒకటి, నిజంగా అందేది మరొకటి అవుతుంది. రెండు తీగలు మార్చాక గీత కదలలేదు. ఎక్కువ ఆర్‌పీఎమ్ వద్ద కూడా లైటు పట్టి చూడకుండా రోడ్డెక్కిన ఇంజిన్‌ను ట్యూన్ అయినదని నేను అనను.

ఆ తరువాత అసలు పని పెట్రోలు పట్టిక. అడ్డంగా 16 వేగాలు, నిలువుగా 16 పీడనాలు, మొత్తం 256 గడులు. ఒక్కో గడిలో ఆ స్థితిలో ఇంజిన్ ఎంత బాగా గాలి పీలుస్తుందన్న అంకె ఉంటుంది. వీటిని నింపడానికి పొగగొట్టంలో వైడ్‌బ్యాండ్ సెన్సరు తప్పనిసరి; ఒక వంతు పెట్రోలుకు ఎన్ని వంతుల గాలి కలిసిందో ఆ నిష్పత్తిని అది చెబుతుంది. నేను వాడింది బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9, నీటి బొట్లు నిలవకుండా అడ్డంగా కాక పైకి వాలుగా బిగించాలి, హీటరుకు కరెంటు లేకుండా ఇంజిన్ నడిపితే మసి పట్టి పాడవుతుంది. డబ్బు చెల్లించి నమోదు చేసుకున్న ట్యూనర్‌స్టూడియోలో, కారు నడుస్తుండగానే సెన్సరు చెప్పినదాన్ని మన లక్ష్యంతో పోల్చి గడులను సవరించే సదుపాయం ఉంది. మిత్రుడు నడుపుతుండగా నేను పక్క సీట్లో ల్యాప్‌టాప్ పట్టుకొని కూర్చున్నాను. గంటలో పట్టిక నున్నగా తయారైంది. చూడటానికి ముచ్చటగానే ఉంది కానీ, మరునాడు ప్లగ్గులు తీసి చూస్తే నాలుగూ నల్లగా మసిబారి ఉన్నాయి.

దోషం సాఫ్ట్‌వేరుది కాదు. ఐడ్లింగులో డాష్‌బోర్డు మీది గేజి 14.7 చూపుతున్నప్పుడు ల్యాప్‌టాప్ 15.2 చూపుతోంది. వైడ్‌బ్యాండ్ ఎర్త్ తీగను నేను డాష్ వెనుక ఒక పాత స్క్రూకు కలిపాను. తుప్పు పట్టిన ఆ స్క్రూ గుండా హీటరు కరెంటు పారుతున్నందువల్ల అక్కడి ఎర్త్, ఇంజిన్ మీద ఉన్న కంట్రోలర్ ఎర్త్ కంటే పావు వోల్టు ఎత్తులో ఉంది. ఆ వైడ్‌బ్యాండ్‌కు 10 నుంచి 20 దాకా నిష్పత్తి అంతా 0 నుంచి 5 వోల్టుల్లోనే చెప్పాలి కాబట్టి పావు వోల్టు అంటే సరిగ్గా అర నిష్పత్తి. సాఫ్ట్‌వేరు మిశ్రమం పలచగా ఉందనుకొని, గంటసేపు నమ్మకంగా ప్రతి గడిలోనూ పెట్రోలు పెంచుకుంటూ పోయింది. కంట్రోలరు, వైడ్‌బ్యాండ్, అన్ని సెన్సర్ల ఎర్త్ తీగలనూ తెచ్చి ఇంజిన్ బ్లాకు మీద గీకి శుభ్రం చేసిన ఒకే బోల్టు కింద బిగించాక రెండు అంకెలూ ఒక్కటయ్యాయి. పట్టిక మళ్లీ మొదటి నుంచి చేశాను. అరవయ్యేళ్ల బాడీలో ఏ రేకునూ ఎర్త్ అని నమ్మకూడదన్నది నేను ఆ రోజు నేర్చుకున్నాను.

దీనికి దగ్గరి చుట్టమే మరొక సమస్య. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే ఐడ్లింగు పడిపోయి, మిశ్రమం 13.8 నుంచి 15 దాటేది. లాగ్ తీసి చూస్తే లైట్లు వెలిగిన క్షణాన వోల్టేజి 13.8 నుంచి 12.4కు దిగుతోంది. కరెంటు అందిన వెంటనే ఇంజెక్టరు తెరుచుకోదు, దాదాపు ఒక మిల్లీసెకను జాప్యం ఉంటుంది, వోల్టేజి తగ్గితే ఆ జాప్యం పెరుగుతుంది. ఐడ్లింగులో మొత్తం పల్స్ రెండున్నర మిల్లీసెకన్లే కాబట్టి, అందులో 0.14 పోయినా పెట్రోలు దాదాపు పదో వంతు తగ్గుతుంది. వోల్టుకు 0.1 మిల్లీసెకను అని నేను ఉంచిన సవరణను 0.2కు మార్చాక, లైట్లు వేసినా ఆర్పినా సూది కదలడం లేదు. మెగాస్క్విర్ట్‌ను నేను మెచ్చుకునేది ఇందుకే. ఈ జాప్యం ప్రతి కారులోనూ ఉంటుంది, కంపెనీ కంప్యూటరు దాన్ని మనకు చూపకుండా సర్దుకుంటుంది. ఇది మాత్రం ప్రతి అంకెనూ ముందు పెడుతుంది, సెకనుకు పలుమార్లు రాసి పెడుతుంది, సరిచేసే పనిని మనకే వదిలేస్తుంది.

వేడి మీద ఆపి పది నిమిషాల తరువాత మళ్లీ సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఒక నిమిషం పాటు మిస్సింగ్ కొట్టేది. గాలి ఉష్ణోగ్రత సెన్సరు మానిఫోల్డ్ లోహానికి బిగించి ఉండటంతో, అది గాలి వేడిని కాక లోహం వేడినే చెబుతోంది. గాలి పలచబడిందనుకొని కంట్రోలర్ పెట్రోలు తగ్గించేది. సెన్సరును ఫిల్టరు దగ్గరి రబ్బరు పైపులోకి మార్చాక చాలావరకు తగ్గింది.

పరిమితులు కూడా చెప్పాలి. మెగాస్క్విర్ట్-2లో ఇంజెక్టర్లకు రెండే ఛానళ్లు ఉంటాయి, కాబట్టి నాలుగు సిలిండర్లకు విడివిడిగా, వాటి వంతు వచ్చినప్పుడే పెట్రోలు చిమ్మించడం కుదరదు, జతలుగా చిమ్మించాలి. మామూలు వాడకంలో నాకు తేడా తెలియలేదు, ఐడ్లింగు మరింత నున్నగా కావాలనుకునేవారు మెగాస్క్విర్ట్-3 వైపు చూడాలి. ల్యాప్‌టాప్‌కు కలిపేది పాత సీరియల్ పోర్టు, మధ్యలో యూఎస్‌బీ అడాప్టరు ఉండాలి. పెట్టె నీటిని తట్టుకోదు, అందువల్ల డాష్ కింద పొడిగా ఉండే చోటే దానికి స్థానం. కారు వర్క్‌షాపులో వదిలి సాయంత్రానికి తాళం తీసుకోవాలనుకునే వారికీ, వైరింగు బొమ్మ చూస్తేనే విసుగొచ్చే వారికీ దీన్ని నేను సూచించను. అలాంటి వారికి ఇంజిన్‌తో వచ్చిన కంప్యూటరునే, పూర్తి వైరింగుతో సహా, తగిన చోట అమర్చించుకోవడం మేలు.

చలి ఉదయాల స్టార్టింగు మాత్రం ఇంకా తేలలేదు. పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీద రోజుకు ఒక్క ప్రయత్నమే దొరుకుతుంది. అది తప్పితే మళ్లీ మరునాటి దాకా ఆగాలి. 20 డిగ్రీల పైన మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది, 10 దగ్గర రెండోసారి కొట్టాల్సి వస్తోంది. స్టార్టింగు పెట్రోలు గడుల్లో రోజూ ఏ అంకె పెట్టానో, ఎన్ని సెకన్లకు అందుకుందో నోటు పుస్తకంలో రాస్తున్నాను. ఆ పుస్తకాన్నీ, నేను గీసిన వైరింగు బొమ్మనూ, ప్రస్తుతపు ట్యూన్ ఫైలు ఉన్న పెన్‌డ్రైవునూ కలిపి సీటు వెనుక, ఒకప్పుడు రెండో బ్యాటరీ ఉండిన గూట్లో ఉంచాను.