కో తావ్‌లో డైవ్‌మాస్టర్ ట్రైనింగ్: సముద్రం బాగుంది, ప్యాకేజీయే ముంచింది

వైజాగ్ నుంచి స్కూబా కోర్సుకి, అంటే సిలిండర్ వేసుకుని నీళ్ళ అడుగుకి వెళ్ళడం నేర్చుకోవడానికి, థాయ్‌లాండ్ వెళ్దామనుకునేవాళ్ళు మధ్యలో కన్సల్టెన్సీ ఎవరినీ పెట్టుకోకండి. బీటెక్ అయ్యాక ఏడాది గ్యాప్ తీసుకుని నేనూ, మా మేనత్త కొడుకూ డైవ్‌మాస్టర్ కోర్సుకి, అంటే డైవర్లని నీళ్ళలో వెంటబెట్టుకు తిప్పే గైడు ట్రైనింగ్‌కి, అక్కడి కో తావ్ దీవికి వెళ్ళాం. ద్వారకానగర్‌లో ఒకాయన తలకి 1,85,000 కట్టించుకున్నాడు. కోర్సు, రూము, సామాన్లు, సర్టిఫికెట్ ఫీజు అన్నీ అందులోనేనట, పైగా జాబ్ గ్యారంటీ. ఫ్లైట్ టికెట్లు మాత్రం మావే.

ప్రయాణం సాఫీగానే అయింది: బ్యాంకాక్‌కి డైరెక్ట్ ఫ్లైటు, చుంఫోన్ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఫెర్రీ.

దిగాక తెలిసింది అసలు సంగతి. రూమంటే ఎనిమిది మంది పడుకునే డార్మ్, అదీ రెండు వారాలకే. ఏసీ నుంచి నీళ్ళు నా మంచం పక్కనే కారుతుంటే కింద ఓ ప్లాస్టిక్ బకెట్ పెట్టారు, అర్ధరాత్రి లేచి దాన్ని పారబోసే డ్యూటీ కూడా మాదే. "ఇంత డబ్బు పోసి బకెట్లు మోయడానికొచ్చామేట్రా?" అని బావ రోజూ ఒకటే సణుగుడు. తర్వాత నెలకి 6,500 బాట్లకి ఫ్యాను కాటేజీ తీసుకుంటే గానీ ఆయన మొహంలో నవ్వు రాలేదు.

అంతటితో అయిపోలేదు. పుస్తకాలకీ, సర్టిఫికెట్ అప్లికేషన్‌కీ కలిపి ఇంకో 11,000 బాట్లు కట్టమన్నారు. ప్యాకేజీలో ఉన్నాయి కదా అంటే, డైవ్ షాపావిడ పాపం కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించింది. ద్వారకానగర్ ఆయన పంపింది తలకి 38,000 బాట్లు, అది కోర్సు ఫీజే. బాటు రెండున్నర రూపాయలు వేసుకున్నా 95,000. రెండు వారాల డార్మ్‌కి మిగతా తొంభై వేలా? ఫోన్ చేస్తే "టర్మ్స్ చదవలేదా సార్" అని పెట్టేశాడు.

జాబ్ గ్యారంటీ కూడా ఉత్తిదే. టూరిస్టుగా వెళ్ళినవాళ్ళు వర్క్ పర్మిట్ లేకుండా అక్కడ పని చేయకూడదు. డైవ్‌మాస్టర్ అయితే ఇన్‌స్ట్రక్టర్ అయిపోయినట్టూ కాదు. డైవింగ్ సర్టిఫికెట్లిచ్చే ప్యాడీ (PADI) సంస్థ లెక్క ప్రకారం ఇన్‌స్ట్రక్టర్‌కి 100 డైవ్‌లుండాలి, డైవర్‌గా సర్టిఫై అయి ఆరు నెలలు దాటాలి, ఆ పైన ఇంకో కోర్సు, పరీక్ష.

ట్రైనింగ్‌కి మాత్రం వంక పెట్టను. డైవ్‌మాస్టర్‌కి 18 ఏళ్ళు నిండాలి, 40 డైవ్‌లుంటే మొదలుపెట్టొచ్చు, 60 అయితే గానీ కార్డు రాదు. పొద్దున్నే సిలిండర్లు పడవలోకి ఎక్కించడం, 400 మీటర్ల ఈత, 800 మీటర్ల స్నార్కెలింగ్ ఇవన్నీ ఒళ్ళు హూనం చేసేవే, అయినా అసలు టెన్షన్ సామాన్లు మార్చుకునే పరీక్ష. నీళ్ళ అడుగున ఇద్దరూ ఒకే రెగ్యులేటర్‌తో (సిలిండర్ గాలి నోటికందించేది) వంతులవారీగా ఊపిరి తీసుకుంటూ మాస్కులు, ఫిన్స్ (కాళ్ళకి తొడిగే రెక్కలు), జాకెట్లు మార్చుకోవాలి. రెండు గుక్కలు పీల్చి ఎదుటివాడికివ్వాలని పైన ఒప్పందం, బావేమో కిందికెళ్ళాక మూడోది కూడా లాగేసేవాడు. జాకెట్ బకిల్ ఒక చేత్తో వెతుక్కుంటూ, ఇంకో చేత్తో ఆయన భుజం మీద కొడుతూ ఉంటే ఇన్‌స్ట్రక్టర్ నవ్వాపుకోలేక మాస్కులోకి నీళ్ళు రానిచ్చుకున్నాడు. పైకొచ్చాక ఇద్దరం తెలుగులో ఏం తిట్టుకున్నామో అక్కడెవరికీ అర్థం కాకపోవడం మంచిదయింది.

నా సలహా అడిగితే మొదటి కోర్సు, అదే 18 మీటర్ల లోతు దాకా వెళ్ళనిచ్చే ఓపెన్ వాటర్, వైజాగ్ రుషికొండలోనే చేసేయండి. నాకు 28,000 అయింది. కో తావ్‌లో ఉన్నంత క్లియర్‌గా ఉండవు మన నీళ్ళు, ఒక్కోరోజు చాపిన చెయ్యే సరిగా కనపడదు, కానీ ఆ మసకలో దిక్సూచి చూసుకుంటూ ఈదినవాడికి కో తావ్‌లో దారి తప్పే భయముండదు. ఆ పై కోర్సులకి డైవ్ షాపుకి మీరే మెయిల్ పెట్టండి. పుస్తకాలు, అప్లికేషన్ ఫీజు, సామాన్ల అద్దె, మంచం ఎన్ని రోజులకి, ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి. తిరుగు ఫ్లైటుకి ముందు కనీసం 18 గంటలు డైవింగ్ లేకుండా చూసుకోండి.

ద్వారకానగర్ ఆయన ఇప్పుడు పదివేలు వెనక్కిస్తానంటున్నాడు. నేను తీసుకుందామన్నాను, బావ ససేమిరా అంటున్నాడు.