కమ్మలిల్లు: నాలుగుసార్లు నేయించాక

మాది విజయనగరం జిల్లా భోగాపురం వైపు, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. అమ్మమ్మ కట్టించిన చుట్టిల్లు ఒకటి మాకు మిగిలింది. గుండ్రటి మట్టిగోడ, పైన తాటికమ్మల కప్పు, కొసన బోర్లించిన కుండ. 2011లో వైజాగ్ వదిలేసి నేనూ మా ఆవిడా అమ్మ దగ్గరికి వచ్చేశాం. అప్పటి నుంచి ఆ కప్పు నాలుగుసార్లు నేయించాం. తోటలో కమ్మల పాక వేసుకుందామనుకుంటున్నాం, ఎలా ఉంటుందని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ల కోసమే ఇది.

చల్లగా ఉంటుందన్న మాట నిజమే. మే నెల మధ్యాహ్నం పక్కింటి రేకుల కింద కూర్చోలేం, మా ఇంట్లో ఒక్క ఫ్యాను చాలు. కానీ అందులో సగం పుణ్యం అటకది. దూలాల మీద వెదురు పరిచి మందంగా మట్టి మెత్తిన అటక ఉంది మాకు. అది లేకుండా ఉత్త కమ్మలే వేసుకుంటే ఇంత చల్లదనం రాదు, పైగా అన్నంలో నుసి రాలుతుంది. వాన చప్పుడు మాత్రం అసలు వినపడదు. చూరు నుంచి నీళ్లు కారుతుంటే తెలియాలి, వాన పడుతోందని.

మా ఇంటికి దాదాపు 600 కమ్మలు పడతాయి. మొవ్వు (నడిమి లేత చిగురు) జోలికి పోకుండా చెట్టుకు పదీ పన్నెండు కంటే కొట్టకూడదు, అంటే యాభై చెట్లు ఎక్కాలి. కోసిన కమ్మల్ని పచ్చిగా ఉండగానే ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బండరాళ్లు పెట్టి వారం పది రోజులు అణచాలి. తొందరపడి అణగని కమ్మ కట్టించుకున్నారంటే అది ఎండి ముడుచుకుంటుంది, మొదటి వానకే సందు ఇస్తుంది. నేత చూరు దగ్గర మొదలై కొప్పుకి, అంటే కప్పు కొసకి, ఎక్కుతుంది, పై వరస కింది వరసని సగానికి పైగా కప్పాలి. వాలు ఎంత నిటారుగా ఉంటే నీరు అంత తొందరగా జారుతుంది. ఫొటోలో అందంగా ఉంటుందని వాలు తగ్గించి కట్టించుకున్న ఒక పాక చూశాను. రెండో ఏడాదికే దాని మీద గడ్డి మొలిచింది.

మొదటి కప్పు 2011 వేసవిలో వేయించాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ముందురోజే పక్క ఊరి నుంచి పాత వలలు తెచ్చి కప్పు మీద పరిచి, తాళ్లతో గుంజలకి బిగించాం. గాలికి కొప్పు లేచిపోయింది, కుండ ఎక్కడ పడిందో దొరకలేదు. వాసాలు మాత్రం కదల్లేదు. పక్కింటి రేకులు పొలంలో ఏరుకోవాల్సి వచ్చింది. అయితే ఆ తర్వాత ఊరందరికీ ఒకేసారి కమ్మలు కావాలి కదా, మా వంతు వచ్చేసరికి 2015 మే అయింది. అన్నాళ్లూ టార్పాలిన్ కిందే.

మరుసటి ఏడాది గ్యాస్ వచ్చింది, కట్టెల పొయ్యి మానేశాం. 2017 వానల్లో కప్పు కారడం మొదలైంది. నేను తెలివిగా దాని మీద మళ్లీ టార్పాలిన్ కప్పాను. అది తీసి చూస్తే కింద కమ్మలన్నీ చెమ్మకి నల్లగా కుళ్లి ఉన్నాయి, వాసాల్లో పురుగు. నేసే తాత చేతిలో పొడి నలిపి చూపించాడు. "పొగ నేకపోతే కమ్మ బతకదు బాబూ" అన్నాడు. చిన్నప్పుడు అటక పైన మసి చూసి చిరాకు పడేవాడిని, పురుగు రాకుండా కప్పుని కాపాడింది ఆ మసే. 2018లో మళ్లీ నేయించి, స్నానాల నీళ్లకీ ధాన్యం ఉడకబెట్టడానికీ లోపలి పొయ్యి మళ్లీ వెలిగించాం. ఆ కప్పు 2022 దాకా నిలిచింది.

అందుకే నా సలహా ఒక్కటే. నెలకోసారి వచ్చి తాళం తీసే తోట ఇంటికి కమ్మలు వద్దు. పొయ్యి వెలగని ఇంట్లో ఎలుకా, చెదా మీకంటే ముందు కాపురం పెడతాయి. రోజూ మనుషులు మసలే ఇల్లయితే ఆలోచించండి.

ఇక బాధలు. కొత్త కప్పు మీద పడిన మొదటి వానల నీళ్లు టీ రంగులో కారతాయి, చూరు కింద ఆరేసిన తెల్లచొక్కా మళ్లీ తెల్లబడదు. చూరు ఎంత కిందకి ఉంటుందంటే పొడుగువాళ్లు ఎవరొచ్చినా ముందు నుదురు తడుముకుంటారు. జెర్రులు, తేళ్లు మామూలే. దీపావళి రాత్రి మాకు పండగ కాదు, టెన్షన్. కప్పంతా తడిపి, బిందెలు నింపుకుని, రాకెట్లు ఎటు పోతున్నాయో చూస్తూ అరుగు మీదే కూర్చుంటాం. కరెంటు వైరు ఒక్కటి కూడా కప్పుకి తగలకుండా గోడ మీదే పైపులో నడిపించాం. బీమా కోసం అడిగితే, కమ్మలిల్లని వినగానే అవతలి మనిషి ఫైలు మూసేశాడు.

ఖర్చు సంగతి చెప్పాలంటే 2011లో అంతా కలిపి 11 వేలు, 2022లో 42 వేలు అయింది. కమ్మల కంటే కూలికే ఎక్కువ పోయింది. చెట్టెక్కేవాళ్లు తగ్గారు, కప్పు నేసే తాతకి మోకాళ్లు నొప్పులు. పోయినసారి ఆయన కింద నిలబడి కేకలేస్తుంటే మనవడు పైన కట్టాడు. రెండు వరసలు విప్పించి మళ్లీ కట్టించాడు ఆయన. ఇప్పటిదాకా అక్కడ చుక్క కారలేదు.

వచ్చే వేసవికి మళ్లీ నేత ఉంది. మా ఆవిడకి పొగ పడటం లేదు, పొయ్యి లోపల వద్దంటోంది. సాయంత్రం అందరం అరుగు మీద ఉన్నప్పుడు లోపల ఒక గంట పిడకలు రాజేసి చూద్దామని బేరం కుదిరింది.