ఫ్లాయిడ్ లీడ్ టోన్‌కి హెచ్‌ఎక్స్ స్టాంప్ సరిపోతుందా?

విశాఖలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లలో ఎక్కువమంది ఉండేది అపార్ట్‌మెంట్లలో. వంద వాట్ల వాల్వ్ ఆంప్ కొనగలిగినా ఎంవీపీ కాలనీలో రాత్రి తొమ్మిదికి దాని వాల్యూమ్ ఎవరూ పెంచలేరు. డేవిడ్ గిల్మర్ 1970ల చివర్లో పింక్ ఫ్లాయిడ్‌తో వాయించిన ఆ లీడ్ (సోలో) టోన్, నోటు పట్టుకుంటే గొంతెత్తి పాడినట్టు సాగే ఆ శబ్దం, మనకు కావాలంటే ఆంప్‌లనూ పెడల్‌లనూ డిజిటల్‌గా అనుకరించే ప్రాసెసరే దారి. ఆ పనికి లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్ మంచి ఎంపిక. అందులో ఆ టోన్‌కి కావలసిన భాగాలన్నీ ఉన్నాయి. అయితే ఫ్యాక్టరీ ప్రీసెట్ తిప్పి వెతికితే దొరకదు, ఒక్కో బ్లాక్ (ఒక ఆంప్ లేదా ఒక ఎఫెక్ట్ అనుకరణ) పెట్టి కట్టుకోవాలి. ఇది ఎక్కువమంది ఫజ్ (శబ్దాన్ని గరుకుగా చిక్కబరిచే ఎఫెక్ట్) దగ్గర మొదలుపెట్టి ఫజ్ దగ్గరే ఆగిపోయే టోన్. అసలు పని ఆంప్‌దీ స్పీకర్‌దీ.

ముందుగా అసలు సరంజామా ఏమిటో చూద్దాం. ఆంప్ హైవాట్ డీఆర్‌103. నాలుగు ఈఎల్34 వాల్వులు, పార్ట్రిడ్జ్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్న వంద వాట్ల హెడ్. దాని గొప్పతనం డిస్టార్షన్ కాదు, ఎంత గట్టిగా పెట్టినా శుభ్రంగా ఉండటం. దాని కింద డబ్ల్యూఈఎం క్యాబినెట్లు, వాటిలో ఫేన్ స్పీకర్లు. పక్కన యమహా ఆర్‌ఏ-200 రోటరీ స్పీకర్ కూడా కలిసేది. ఆంప్ ముందు ఎలక్ట్రో హార్మోనిక్స్ బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్, దాని తర్వాత ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ ఫ్లాంజర్, ఆపైన డిలే (ఎకో). బిగ్ మఫ్‌లో ఒకదాని వెనుక ఒకటిగా రెండు క్లిప్పింగ్ దశలు ఉంటాయి. సస్టెయిన్, అంటే నోటు సాగే గుణం, అక్కణ్ణుంచే వస్తుంది. కానీ దాని టోన్ సర్క్యూట్ సుమారు 1 కిలోహెర్ట్జ్ దగ్గర మిడ్స్‌ని (మధ్య స్థాయి పౌనఃపున్యాలను) తవ్వేస్తుంది. ఆ గొయ్యిని పూడ్చేది మిడ్స్ బలంగా ఉండే హైవాట్, ఫేన్ జంట. అందుకే అదే మఫ్‌ని మిడ్స్ తక్కువున్న ఆంప్‌లో పెడితే బ్యాండ్ మొదలవగానే లీడ్ మాయమవుతుంది.

స్టాంప్‌లో ఈ భాగాలకు పేర్లు వేరు. హైవాట్ ఇక్కడ 'హూవాట్ 100'. రామ్స్ హెడ్ రకం బిగ్ మఫ్ 'బిగ్‌హార్న్ ఫజ్'. ట్రయాంగిల్ రకం మఫ్ 'ట్రయాంగిల్ ఫజ్'. డీలక్స్ ఎలక్ట్రిక్ మిస్ట్రెస్ 'కోర్టిజాన్ ఫ్లాంజ్'. ఫేన్ స్పీకర్ల క్యాబ్ (క్యాబినెట్) '4x12 హూవాట్ 100'. కొన్న వెంటనే ఫర్మ్‌వేర్ తాజాది వేయండి. 2018లో వచ్చినప్పుడు స్టాంప్‌కి ఆరు బ్లాకులే ఉండేవి, 3.0 ఫర్మ్‌వేర్‌తో ఎనిమిదయ్యాయి. 3.50తో క్యాబ్‌లు కూడా కొత్తగా వచ్చాయి. మైకును స్పీకర్ మధ్య నుంచి అంచుకు జరపవచ్చు. ఈ టోన్‌కి ఆ ఒక్క మార్పే డబ్బుకు తగ్గ విలువ ఇస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో పాత ఫర్మ్‌వేర్‌తో యూనిట్ చేతికొస్తే, తీర్పు చెప్పే ముందు అప్‌డేట్ చేసి వినండి.

ఆంప్ దగ్గర మొదలుపెట్టండి, ఫజ్ ముట్టుకోకండి. హూవాట్‌ని ఆంప్+క్యాబ్ ఒకే బ్లాక్‌గా తీసుకుంటే ఒక స్లాట్ మిగులుతుంది. డ్రైవ్ 3, బాస్ 4, మిడ్ 6.5, ట్రెబుల్ 5.5, ప్రెజెన్స్ 4, మాస్టర్ 5. ఛానల్ వాల్యూమ్ టోన్‌ని మార్చదు, ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. గట్టిగా పిక్ చేస్తే అంచున కొద్దిగా విరగాలి, మెల్లగా వాయిస్తే గాజులా శుభ్రంగా ఉండాలి. ఇక్కడ డ్రైవ్ 5 దాటించారంటే మఫ్ వేసిన క్షణం బురదే. ఫజ్ మీద ఆంప్ మళ్లీ క్లిప్ అయ్యి నోట్లు ఒకదాన్నొకటి మింగేస్తాయి. ప్రాసెసర్ కొత్తగా కొన్నవాళ్ల టోన్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

క్యాబ్‌లో 57 డైనమిక్ మైక్ కాస్త కోస్తుంది, 121 రిబ్బన్ మెత్తగా ఉంటుంది. ఈ లీడ్‌కి రిబ్బనే నయం. 57 తప్ప వేరేది నచ్చని వాళ్లు దాన్ని మధ్య నుంచి సగం దూరం అంచుకు జరిపితే ఆ కోత తగ్గుతుంది. లో కట్ 90 హెర్ట్జ్, హై కట్ 6.5 కిలోహెర్ట్జ్. హై కట్ పెట్టకపోతే మఫ్ పైన తేనెటీగల గుంపులా ఒక రొద వినిపిస్తుంది. దాన్ని మఫ్ టోన్ తగ్గించి పోగొట్టాలని చూస్తారు, అప్పుడు లీడ్ మందగిస్తుంది. కోయాల్సింది స్పీకర్ దగ్గర.

ఇప్పుడు బిగ్‌హార్న్. సస్టెయిన్ 6, టోన్ 4.5. లెవెల్‌ని బైపాస్‌తో పోల్చి, ఆన్ చేసినప్పుడు కాస్త ఎక్కువ వినపడేంత పెట్టండి. సస్టెయిన్ పూర్తిగా తిప్పితే నోటు ఎక్కువసేపు ఉంటుందనుకోవడం పొరపాటు. 7 దాటాక పెరిగేది హిస్ మాత్రమే, పిక్ దెబ్బలోని ప్రాణం పోతుంది. మఫ్ తర్వాత, ఆంప్ ముందు ఒక ఈక్యూ (ఈక్వలైజర్) బ్లాక్ పెట్టి 800 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ పెంచండి, క్యూ 0.7 చాలు. గొయ్యి పూడుతుంది. ఈక్యూ బదులు 'టీమా' ఓవర్‌డ్రైవ్‌ని గెయిన్ 2 మీద పెట్టినా ఫర్వాలేదు. టీమా వేస్తే అంచు కొంచెం గుండ్రంగా, ఈక్యూ వేస్తే సూటిగా ఉంటుంది. బ్యాండ్‌లో కీబోర్డు గట్టిగా ఉంటే ఈక్యూ వాడండి.

అసలు బిగ్ మఫ్ పెడల్ ఉన్నవాళ్లు దాన్ని సెండ్, రిటర్న్ జాక్‌ల మధ్య పెట్టుకోవచ్చు, ఎఫ్ఎక్స్ లూప్ ఒక బ్లాక్ తీసుకుంటుంది. బిగ్‌హార్న్‌కీ మంచి పెడల్‌కీ తేడా ఉందా అంటే ఉంది. గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు అసలుది కాస్త ఎక్కువ శుభ్రపడుతుంది. సోలోలో మాత్రం, వాల్యూమ్ పదిలో ఉన్నప్పుడు, ఆ తేడా కోసం ఇంకో పెడల్ మోయాల్సిన పని లేదు.

కోర్టిజాన్ ఫ్లాంజ్ ఈ యూనిట్‌లో అందంగా పనిచేసే బ్లాక్. రేట్ వీలైనంత కింద, రేంజ్ సగానికి కొంచెం పైన, కలర్ 3. స్వీప్ వినబడకూడదు, తీసేసినప్పుడు మాత్రం లోటు తెలియాలి. వేగం పెంచితే జెట్ విమానం శబ్దంలోకి వెళ్లిపోయి టోన్ పాడవుతుంది. పాత సరంజామాలో ఇది ఆంప్ ముందే ఉండేది. ఆంప్ శుభ్రంగా ఉంటే ఇక్కడా అలాగే పెట్టండి. క్లీన్ ఆర్పెజియోలకు ఇదే ఫ్లాంజర్ ముందు 'రెడ్ స్క్వీజ్' కంప్రెసర్ వేస్తే 1977 తర్వాతి ఆ నీళ్ల మీది మెరుపు వస్తుంది. మఫ్ ఉన్నప్పుడు కంప్రెసర్ ఆపేయాలి. ఫజ్ ఇప్పటికే కంప్రెస్ చేసింది, మళ్లీ చేస్తే పెరిగేది హమ్ ఒక్కటే.

డిలేకి 'వింటేజ్ డిజిటల్' తీసుకోండి. టైమ్‌ని చెవితో కాకుండా లెక్కతో పెట్టాలి. 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. నిమిషానికి 63 బీట్ల నెమ్మది పాటలో బీట్ 952, అందులో సగం 476. లీడ్‌కి ఆ 476 బాగా కూర్చుంటుంది. మిక్స్ 25 శాతం, ఫీడ్‌బ్యాక్ 30 శాతం. మిక్స్ 40కి పోతే ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో గొప్పగా ఉంటుంది, హాల్లో మాత్రం గోడల ప్రతిధ్వనితో కలిసి అన్నీ అలుక్కుపోతాయి. ట్రెయిల్స్ ఆన్‌లో ఉంచండి, సోలో నుంచి రిథమ్‌కి మారినప్పుడు తోక తెగిపోదు. 1970ల తొలి పాటలకైతే గిల్మర్ వాడింది బిన్సన్ ఎకోరెక్, మాగ్నెటిక్ డ్రమ్ మీద పలు హెడ్లతో పనిచేసే ఎకో. దానికి దగ్గరగా రావాలంటే రోలాండ్ ఆర్‌ఈ-201 ఆధారంగా చేసిన 'కాస్మోస్ ఎకో'లో రెండు హెడ్లు కలిపి వాడండి. అచ్చం అదే కాదు, కానీ ఆ లయ వస్తుంది.

చివరి స్లాట్‌లో రివర్బ్ ప్లేట్, మిక్స్ 12 శాతం. లేదా దాని బదులు '145 రోటరీ' నెమ్మది వేగంలో, మిక్స్ 15-20 శాతం. రికార్డింగ్‌కి రోటరీ వేయండి, వేదిక మీద ప్లేట్ వేయండి. హాలు తన ప్రతిధ్వని తానే ఇస్తుంది కదా అని ప్లేట్‌ని 5 శాతానికి తగ్గించినా నష్టం లేదు.

ప్యాచ్ (ఈ బ్లాకుల మొత్తం అమరిక) ఎంత బాగా కట్టినా గిటార్ సరిగా లేకపోతే వృథా. స్ట్రాట్ తరహా సింగిల్ కాయిల్, బ్రిడ్జ్ పికప్, మామూలుకంటే కాస్త హాట్‌గా ఉన్నది కావాలి. హంబకర్‌తో మఫ్ లావెక్కుతుంది. అదొక్కటే ఉంటే సస్టెయిన్ 4.5కి దించి, బాస్ 3 చేయండి. గిల్మర్ వాడే తీగల సెట్ 10, 12, 16, 28, 38, 48. పైన సన్నగా ఉండి రెండు స్వరాల పైకి బెండ్ చేయడానికి వీలిస్తుంది, కింద బరువుగా ఉంటుంది. ఆ బెండ్ శ్రుతికి కచ్చితంగా చేరి, చేరిన తర్వాతే వైబ్రేటో మొదలవ్వాలి. అది ఏ బ్లాకూ ఇవ్వదు.

ఇక విశాఖలో ఎదురయ్యే ఇబ్బందులు. బీచ్ రోడ్డు దగ్గరి ఇళ్లల్లో ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి, జాక్‌లు మసిబారి కరకరమంటాయి. ఆ కరకర ప్రాసెసర్ లోపమని చాలామంది అనుకుంటారు. ముందు కేబుల్ ప్లగ్గులను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి చూడండి. కోటెడ్ తీగలు ఇక్కడ ఖర్చుకు తగ్గవే. మఫ్ ఆన్ చేయగానే బుర్ర్‌మనే హమ్‌కి ఒక కారణం ఎర్తింగ్ కావచ్చు. పాత ఇళ్లలో మూడో పిన్ ఉత్తదే కావచ్చు, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ల్యాప్‌టాప్ ఛార్జర్‌లో ఉండి యూఎస్‌బీతో హెచ్‌ఎక్స్ ఎడిట్ (స్టాంప్ సెట్టింగ్‌లు మార్చే ప్రోగ్రామ్) నడుపుతున్నప్పుడు వచ్చే సన్నని కీచు వేరు, ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. వాయించనప్పుడు రొదను ఆపే ఇన్‌పుట్ గేట్ -60 డెసిబెల్స్ చుట్టూ సరిపోతుంది, ఇంకా పైకి పెంచితే నోటు చివర తెగిపోతుంది.

అడాప్టర్ 9 వోల్టులు, 3 ఆంపియర్లు, సెంటర్ నెగటివ్. అసలుది పోతే బజారులో దొరికే తక్కువ కరెంటు పెడల్ అడాప్టర్ పెట్టొద్దు, కరెంటు చాలకపోతే యూనిట్ బూట్ కాకపోవచ్చు లేదా మధ్యలో రీసెట్ కావచ్చు. ఇది యూనిట్‌లో నాకు నచ్చని సంగతి కూడా. మామూలు పెడల్ పవర్ సప్లైల్లో చాలావాటి నుంచి తగినంత కరెంటు రాదు, ఎక్కువగా వేరే అడాప్టర్ మోయాల్సి వస్తుంది.

వేదిక మీద ఎక్కడికి పెట్టాలన్నది ముఖ్యం. నేరుగా మిక్సర్‌కి అయితే అవుట్‌పుట్ 'లైన్', క్యాబ్ ఆన్. గిటార్ ఆంప్ ముందు జాక్‌లోకి అయితే అవుట్‌పుట్ 'ఇన్‌స్ట్రుమెంట్', క్యాబ్ ఆఫ్. క్యాబ్ ఆన్‌లో ఉంచి ఆంప్‌లో పెడితే స్పీకర్ మీద స్పీకర్ పడి డబ్బాలో వాయిస్తున్నట్టు ఉంటుంది. మూసిన హాలుకీ, బీచ్ దగ్గర ఆరుబయట వేదికకీ ఒకే సెట్టింగ్ పనికిరాదు. బయట బాస్ గాలికి పోతుంది, హాల్లో అది పేరుకుంటుంది. ప్యాచ్ మార్చకుండా గ్లోబల్ ఈక్యూలోనే సర్దండి. ఇంట్లో మెల్లగా పెట్టి కట్టిన ప్యాచ్ పెద్ద శబ్దంలో కచ్చితంగా మెరిసిపోయి చెవిలో గుచ్చుతుంది. తక్కువ శబ్దంలో చెవికి బాస్, ట్రెబుల్ తక్కువ వినిపిస్తాయి కాబట్టి తెలియకుండానే రెండూ పెంచేసి ఉంటాం. రిహార్సల్‌లో అసలు శబ్దస్థాయిలో కూర్చుని చివరి సెట్టింగ్ చేసుకోవాలి.

మూడు ఫుట్‌స్విచ్‌లు ఈ టోన్‌కి తక్కువే అనిపిస్తాయి, కానీ స్నాప్‌షాట్లతో (ఒక్క నొక్కుతో మారే సెట్టింగ్‌ల గుంపులు) పని జరుగుతుంది. మొదటిది క్లీన్, కంప్రెసర్, ఫ్లాంజర్. రెండోది రిథమ్, ఆంప్ ఒక్కటే. మూడోది లీడ్, మఫ్, ఈక్యూ, డిలే, ఛానల్ వాల్యూమ్ 2 డెసిబెల్స్ ఎక్కువ. ట్యాప్ టెంపో కోసం ఎఫ్‌ఎస్4/5 జాక్‌లో చిన్న డబుల్ స్విచ్ చేరిస్తే, టీఆర్‌ఎస్ కేబుల్‌తో, ఇక దేనికీ వంగాల్సిన అవసరం ఉండదు.

ఇది అవసరం లేనివాళ్లూ ఉన్నారు. సినిమా పాటల ఆర్కెస్ట్రాలో ఒక పాటకీ ఇంకో పాటకీ టోన్ మార్చాల్సిన గిటారిస్టుకి లైన్ 6 వాళ్లదే ఇంకో ప్రాసెసర్, పాడ్ గో నయం. ఎక్కువ స్విచ్‌లు, ఎక్స్‌ప్రెషన్ పెడల్, స్టాంప్‌లో ఉన్న తరహా హెలిక్స్ (లైన్ 6 ప్రాసెసర్ల శ్రేణి) మోడళ్లే. కానీ అందులో మనకు వదిలే బ్లాకులు నాలుగే. మఫ్, ఫ్లాంజర్, డిలే, రివర్బ్‌తో అవి నిండిపోతాయి. ప్రీసెట్ ఈక్యూ విడిగా ఉంది కాబట్టి మిడ్స్ గొయ్యి పూడ్చవచ్చు, క్లీన్‌లకు కంప్రెసర్ మాత్రం చోటుండదు. గిల్మర్ లీడ్ ఒక్కటే కావాలంటే పాడ్ గో చాలు. క్లీన్ కూడా అదే సెట్‌లో కావాలంటే స్టాంప్ తీసుకోండి. కొనేముందు మీ గిటార్ తీసుకెళ్లి, హూవాట్ ఎంచి, ఫజ్ లేకుండా పది నిమిషాలు వాయించండి. ఆ శుభ్రమైన శబ్దం నచ్చకపోతే మఫ్ వేశాక కూడా నచ్చదు.