2081లో కరిచిన కుక్క

“మాస్టారూ, ఈ కుక్క మిమ్మల్ని 2081లో కరిచిందా?”

నరసన్నపేట దగ్గర మా పీహెచ్‌సీలో నర్సమ్మ నా నేపాలు చీటీని వెలుతురుకి పెట్టి చూస్తూ అడిగింది. ఓపీ వరసలో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రోజు 2024 ఆగస్టు 29. కుక్కకాటు టీకా మూడో డోసు ఆ రోజే పడాలి. చీటీ మీద చూస్తే 2081 భాదౌ 6 అని నాగరి అంకెల్లో ఉంది. నేపాల్లో ఆఫీసు రాతలన్నీ విక్రమ సంవత్ లెక్కలోనే నడుస్తాయి. అంటే మన ఆగస్టు 22. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, అక్కడి ఆసుపత్రి గుమ్మం దిగకముందే పక్కన మన తేదీ కూడా వేయించుకోవాలని తోచలేదు.

డాక్టరమ్మకి తేదీ కంటే పెద్ద అనుమానం ఇంకొకటి వచ్చింది. “చర్మంలో వేశారా, కండలోనా?” చర్మంలో వేసే పద్ధతి అయితే మన దగ్గర మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. కండకి వేస్తే 14వ రోజున ఇంకోటి ఉంటుంది. మధ్యలో పద్ధతి మార్చడం అంత మంచిది కాదట. ఆ సంగతి చీటీలో ఉండే ఉంటుంది కానీ మాకెవరికీ ఆ గీతలు అర్థం కాలేదు. రెండు భుజాల మీదా సన్న సూది వేశారని, దోమ కుట్టినట్టు బుడిపెలు లేచాయని చెప్పాను. “అయితే చర్మంలోదే. ఇవాళ ఒకటి, సెప్టెంబరు 19న ఒకటి” అని తేల్చింది. పైసా ఖర్చు లేకుండా పది నిమిషాల్లో పని అయిపోయింది. నలభై రోజుల ప్రయాణంలో నేను చూసిన సేవలన్నిటికీ మార్కులు వేయమంటే మా పీహెచ్‌సీకి పైనుంచి రెండో స్థానం ఇస్తాను. మొదటి స్థానం ఎవరిదో తర్వాత చెబుతాను.

ఫిబ్రవరిలో రిటైరయ్యాను. ఇంట్లో కాలు నిలవలేదు. నేపాల్లో కొండ ఊరి బడిలో అయిదు వారాలు పాఠాలు చెప్పే అవకాశమంటూ ఒక సంస్థ ప్రకటన ఫోన్లో కనబడింది. వసతి, భోజనం, ఇరవై నాలుగు గంటలూ తోడుండే కోఆర్డినేటరు, అన్నీ కలిపి ఇరవై ఎనిమిది వేలు. మా ఆవిడ ఒకటే మాట అంది. “పాఠం సెప్పడానికి ఎదురు డబ్బులిచ్చీసి ఎల్తారేటి?” జవాబు దొరక్క డబ్బు కట్టేశాను. జూలై 12న త్రిశూలి నదిలోకి కొండచరియ రెండు బస్సుల్ని తోసేసిందని టీవీలో చూసినప్పటి నుంచి ఆవిడ మాట్లాడటమే మానేసింది. నేను 18న శ్రీకాకుళం రోడ్డులో రైలెక్కాను.

హౌరా, అక్కడి నుంచి రక్సౌల్, వంతెన దాటి బీర్‌గంజ్. మనకి వీసా అక్కర్లేదు గానీ పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ పదిహేనేళ్ళ లోపు పిల్లలకీ అరవై అయిదు దాటినవాళ్ళకీ మాత్రమే పనికొస్తుంది, నాకు రెండూ కాదు. వంద కంటే పెద్ద నోటు అక్కడ చెల్లదని అప్పట్లో ఎవరో చెబితే నరసన్నపేట బ్యాంకులో వందల కట్ట తీసుకుని నడుముకి కట్టుకున్నాను. మన వందకి వాళ్ళ నూట అరవై. కాఠ్మాండూ దుకాణాల్లో మన యూపీఐ కూడా పనిచేసింది కానీ కొండ మీద ఆ ముచ్చట లేదు. బీర్‌గంజ్ నుంచి హేటౌడా, కులేఖానీ మీదుగా సుమోలో వెళ్ళాను. ఆ మలుపుల్లో కళ్ళు మూసుకుని కూర్చోవడమే మేలు.

కాఠ్మాండూలో సంస్థ వాళ్ళ హాస్టలు గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. గదికి ఆరు మంచాలు, తడి ఆరని దుప్పట్లు. అరవై దాటినవాణ్ణి పై మంచం ఎక్కమన్నారు. రెండు రాత్రులు గడిపి కావ్రే జిల్లాలో ధులిఖేల్ అవతల ఉన్న ఊరికి చేరాను.

అక్కడ నాకు ఇచ్చిన ఇల్లు రాయీ మట్టీ కలిపి కట్టినది. కింద మేకలు, పైన చెక్క నిచ్చెన ఎక్కితే నా గది. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది, వానలో గొడుగు పట్టుకుని టార్చి వేసుకుని పోవాలి, దారంతా జలగలు. ఇవన్నీ సదుపాయాల లెక్కలో సున్నాలే. అయినా మళ్ళీ ఉండమంటే ఆ ఇంట్లోనే ఉంటాను. ఇంటావిడని అందరూ ఆమా అంటారు, అంటే అమ్మ. నాకంటే అయిదారేళ్ళు చిన్నదే అయినా నేనూ ఆమా అనే పిలిచాను. పొద్దున పదింటికి పప్పూ అన్నం, రాత్రి ఏడింటికి మళ్ళీ పప్పూ అన్నం. చింతపండు పులుపు తగలక నాలుక చచ్చిపోయేది. శనివారం సెలవు, ఆదివారం బడి. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, మొదటి ఆదివారం పదింటి దాకా పడుకున్నాను. పిల్లలు వచ్చి లేపారు.

ఇక నీళ్ళ సంగతి. నేను కవిటిలో పదకొండేళ్ళు పనిచేశాను. అది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం. ఉద్దానంలో ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు నీళ్ళ క్యాను ఎక్కడిదని అడిగే అలవాటు నాది. చదువు రానివాళ్ళు కూడా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంతుందో నోటికి చెప్పే ఊళ్ళవి. అలాంటి నేను ఒక మధ్యాహ్నం బడి నుంచి ఎక్కి వస్తూ, సీసా ఖాళీ అయిందని దారిలో రాతి ధారకి దోసిలి పట్టాను. మంచు కరిగినట్టు చల్లగా, తియ్యగా ఉన్నాయి. మూడు దోసిళ్ళు తాగాను.

పది రోజులకి మొదలైంది. ముందు తేన్పులు. మురిగిన కోడిగుడ్డు వాసన, నా పక్కన నేనే కూర్చోలేకపోయాను. తర్వాత పొట్ట ఉబ్బరం, ఆ పైన విరేచనాలు. గొడుగు, టార్చి, జలగలు, రాత్రికి ఏడెనిమిది సార్లు. మూడో నాటి అర్ధరాత్రి పెరట్లోనే కూలబడ్డాను. కోఆర్డినేటరుకి ఫోన్ చేస్తే స్విచాఫ్. మెసేజీ పెట్టాను. రెండు రోజుల తర్వాత ‘గెట్ వెల్ సూన్’ అని ఒక పువ్వు బొమ్మతో జవాబొచ్చింది. ఇరవై నాలుగు గంటల తోడు అంటే అదే.

మేకలు అరిస్తే ఆమా లేచి వచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, నాకు నేపాలీ రాదు. నా చెయ్యి పట్టి లేపి, కాళ్ళు కడిగి, అరుగు మీద కూర్చోబెట్టి ‘జీవన్ జల్’ పొట్లం నీళ్ళలో కలిపి గుక్క గుక్కగా తాగించింది. మన ఓఆర్ఎస్సే, అక్కడ ఆ పేరు. తెల్లారాక బియ్యం, పప్పు మెత్తగా ఉడికించి గిన్నెలో తెచ్చింది. దాన్ని జావులో అంటారట. జావ అన్న మాట చెవిన పడేసరికి, ఎందుకో తెలీదు, ఏడుపొచ్చేసింది. నేను సాయం చేయడానికి వచ్చినవాణ్ణి, గుర్తుందా?

పొద్దున్నే వాళ్ళబ్బాయి బైకు మీద ధులిఖేల్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. శుభ్రంగా ఉంది, వరస క్రమంగా నడిచింది. మలపరీక్షలో జియార్డియా అని తేలింది. డాక్టరు హిందీలో వివరంగా చెప్పాడు. క్లోరిన్ మాత్రలకి ఆ క్రిమి అంత తేలిగ్గా చావదు, మరిగించడమే సరైన దారి. ఒక్క నిమిషం కుతకుతలాడితే చాలు, రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులో అయితే మూడు నిమిషాలు. నేను ఇంటి నుంచి క్లోరిన్ మాత్రలు పట్టుకుపోయి ధీమాగా ఉన్నాను మరి. క్రియాటినిన్ కూడా చూడండి అని అడిగితే ఆయన వింతగా చూశాడు. ఉద్దానం కథ చెప్పాను. చెప్పాక ఆయనే చీటీ మీద రాసిచ్చాడు. 1.0 వచ్చింది. అప్పటికి గాని గుండె కుదుటపడలేదు.

పరీక్షలు, మందులు అన్నీ కలిపి మన డబ్బులో రెండు వేల లోపే. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని ఇంటికొచ్చాక బిల్లులు పంపాను. నా పాలసీలో మొదటి వంద డాలర్లు మనమే పెట్టుకోవాలని చిన్నక్షరాల్లో ఉందట. బిల్లు అంతకు తక్కువ కాబట్టి రూపాయి రాలేదు. వాళ్ళు మోసం చేశారని అనను, నేను చదవలేదు. కానీ పెద్ద రోగం రాకపోవడం నా తప్పన్నట్టు మాట్లాడారు, అది మాత్రం మనసుకి పట్టింది.

కుక్క సంగతి చిన్నదే. ఆఖరి వారం కాఠ్మాండూ వచ్చాను. హాస్టలు సందులో పిల్లల తల్లి కుక్క, చీకట్లో దాని మీద కాలు వేయబోయాను, పిక్క పట్టుకుంది. రక్తం వచ్చింది. మా వైపు అయితే ఆ పాటికి సున్నమో కారమో పూసేసి ఉండేవాళ్ళు. నేను పంపు కింద కాలు పెట్టి సబ్బుతో పావుగంట కడిగాను. ఈసారి కోఆర్డినేటరు పరుగున వచ్చాడు! తెలిసిన క్లినిక్ ఉందని, డాలర్లలో ఒక అంకె చెప్పాడు. వంటింట్లోంచి బీర్‌గంజ్ కుర్రాడు గరిట పట్టుకునే బయటికొచ్చి, “అంకుల్, టేకూ వెళ్ళండి, సర్కారీ ఆసుపత్రి” అన్నాడు. శుక్రరాజ్ ఆసుపత్రి అది. కుక్కకాటుకి కాఠ్మాండూ జనమంతా అక్కడికే పోతారు. రక్తం వచ్చిన కాటుకి టీకా ఒక్కటే చాలదు, గాయంలోనే సీరం వేయాలి. అది వేస్తున్నప్పుడు మాత్రం మా ఆవిడ మాట విని ఉండాల్సిందని అనిపించింది. ఆదివారం రెండో డోసు వేయించుకుని మర్నాడే బయలుదేరాను.

మళ్ళీ వెళతానా అని మా తోటి మాస్టార్లు అడుగుతున్నారు. ఆ సంస్థ ద్వారా వెళ్ళను. ఆ ఊరికి వెళతాను. డబ్బు కట్టకముందు ఫోన్ చేసి, అర్ధరాత్రి పడిపోతే నా దగ్గరకు వచ్చేది ఎవరు, వాళ్ళ పేరు, నంబరు చెప్పమని అడుగుతాను. కోఆర్డినేటరని జవాబొస్తే పెట్టేస్తాను. ఇందాక చెబుతానన్న మొదటి స్థానం ఆమాదే. ఆవిడ కోసం పలాస జీడిపప్పు రెండు కిలోలు కొని ఉంచాను, పంపే దారి ఇంకా దొరకలేదు.

సెప్టెంబరు 19న ఆఖరి డోసు పడింది. నర్సమ్మ కొత్త చీటీ మీద తేదీ పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీసి నా చేతిలో పెట్టింది.

“ఇకన 2082లో ఏటి కరిపించుకుంటారు మాస్టారూ?”