విశ్వాసం, విజ్ఞానం: ఒక ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

క్రైస్తవ విశ్వాసానికీ ఆధునిక విజ్ఞానానికీ పొత్తు కుదురుతుందా అన్న ప్రశ్నపై రూపొందించిన ఒక ఆన్‌లైన్ వీడియో కోర్సును ఇటీవల పూర్తి చేశాను. మొదటి సగాన్ని నిస్సంకోచంగా మెచ్చుకుంటాను. రెండవ సగం గురించి ఆ మాట అనలేను.

పాఠాలన్నింటిలోకీ మేలైనది జార్జ్ లెమైత్ర్ గురించినది. బెల్జియానికి చెందిన ఈ కాథలిక్ మతగురువు విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో ఐన్‌స్టీన్ సమీకరణాల ఆధారంగా ప్రతిపాదించి, 1931లో అదంతా ఒక ఆదిమ పరమాణువు నుండి వెలువడి ఉండవచ్చునని సూచించాడు. 1951లో పన్నెండవ పయస్ పోపు ఇటువంటి ఖగోళ పరిశోధనలను సృష్టికి సాక్ష్యంగా ప్రస్తావించినప్పుడు లెమైత్ర్ సంబరపడలేదు సరికదా, తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నల జోలికి పోదనే వైఖరికే కట్టుబడ్డాడు. ఈ ఘట్టాన్ని బోధకుడు తొందరపడకుండా, పూర్వాపరాలతో సహా వివరించిన తీరు ప్రశంసనీయం.

విచిత్రమేమిటంటే, ఆ వెంటనే వచ్చే పాఠంలో ఆయనే విశ్వ స్థిరాంకం (విశ్వ వ్యాకోచ వేగాన్ని ప్రభావితం చేసే, ఐన్‌స్టీన్ సమీకరణాల్లోని ఒక విలువ) మరీ పెద్దదై ఉంటే గెలాక్సీలు ఏర్పడేవే కావని చెప్పి, భౌతిక స్థిరాంకాల అమరికను దేవుని ఉనికికి తిరుగులేని రుజువుగా నిలబెడతాడు. లెమైత్ర్ వద్దన్నది సరిగ్గా ఈ తొందరపాటునే కదా! రేపు ఆ అమరికకు భౌతికశాస్త్రమే కారణం చూపిస్తే, దానిపై ఆనించిన విశ్వాసం ఏమవుతుందో ఆయన చెప్పలేదు.

పరిణామవాదంపై పాఠం జన్యుశాస్త్రానికి పునాది వేసిన క్రైస్తవ సన్యాసి మెండెల్‌నూ, మానవ జీనోమ్ ప్రాజెక్టుకు సారథ్యం వహించిన క్రైస్తవ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ కాలిన్స్‌నూ పరిచయం చేసి ముగుస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. డైనోసార్లు సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించాయి; అంటే మనిషి పుట్టకముందే లోకంలో మరణం ఉంది. బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 5వ అధ్యాయమేమో మరణం ఒక మనుష్యుని, అంటే ఆదాము, పాపం ద్వారా లోకంలోకి వచ్చిందంటుంది. అది శరీర మరణం కాదు, ఆత్మీయ మరణమేనని (దేవునికి దూరం కావడమేనని) కోర్సు ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆ వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చనక్కరలేదు గానీ, 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో పౌలు ఆదాము తెచ్చిన మరణానికి ఎదురుగా క్రీస్తు శారీరక పునరుత్థానాన్ని నిలుపుతున్నాడు గనుక, అంతటితో సరిపెట్టుకోవడం కుదరదు.

వీడియోలు స్పష్టంగానే ఉన్నాయి. పరీక్షల్లో మాత్రం సంవత్సరాలూ పేర్లూ తప్ప వాదనను పరిశీలించే ప్రశ్న ఒక్కటీ లేదు. 1633 నాటి గెలీలియో విచారణ ఒక్కటే తెలిసి, మతానికీ సైన్సుకూ ఎప్పుడూ వైరమేనని నమ్మేవారికి ఈ కోర్సు ఎంతో ఉపకరిస్తుంది. ఆదాము గురించిన సందేహంతో వచ్చేవారికి దీనితో పని జరగదు.