విజయనగరంలో కుక్కకాటు టీకా: సూది బాగానే వేస్తారు, తకరారంతా సీరం దగ్గరే

గంటస్తంభానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్ ఇది. గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి కూడా కుక్క కరిచినవాళ్ళు వస్తుంటారు. పేరు అనవసరం. ఏ క్లినిక్‌కి వెళ్ళినా చూసుకోవాల్సినవి ఇవే.

ముందు మెచ్చుకోవాల్సింది గుమ్మం పక్కనున్న కుళాయిని. చీటీ రాయకముందే గాయాన్ని ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగిస్తారు, ఆపైన పోవిడోన్ అయోడిన్ పూస్తారు. రేబిస్ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని ఛిద్రం చేస్తుంది. కారమో సున్నమో పసరో పెట్టుకొచ్చినా విసుక్కోరు, మళ్ళీ కడుగుతారు.

టీకా చర్మంలోకే వేస్తారు. రెండు భుజాల మీద 0.1 మి.లీ. చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో. మొదటి సూది పడిన రోజే 0. నర్సు చెయ్యి మంచిది. మందు ఎక్కుతుండగానే నారింజ తొక్కలా గుంటలు పడిన తెల్లటి పొంగు లేస్తుంది. లేవకపోతే మందు చర్మం కిందకి జారిపోయినట్టే, పక్కన మళ్ళీ వెయ్యమనాలి. ఇంత కాస్త మందు సరిపోతుందా అని చాలామందికి అనుమానం. చర్మంలో డెండ్రిటిక్ కణాలు, అంటే రోగనిరోధక వ్యవస్థకు కాపలా కణాలు, దండిగా ఉంటాయి. అవి చచ్చిన వైరస్ ముక్కల్ని పట్టుకుని చంకలోని లింఫు గ్రంథులకు మోసుకెళ్ళి, అక్కడ టి కణాలనే మరో రకం రక్షణ కణాలకు చూపిస్తాయి. వాటి సాయంతో బి కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఇదంతా జరగడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

గండమంతా ఆ మధ్యకాలంలోనే. నరంలోకి దూరిన వైరస్ యాంటీబాడీలకు దాదాపు అందదు. అందుకే చర్మం చీలి రక్తం వచ్చిన కాటుకి, అంటే మూడో కేటగిరీకి, సిద్ధంగా ఉన్న యాంటీబాడీలను సీరం రూపంలో గాయంలోనే నింపాలి. గుర్రం రక్తం నుంచి తీసిన సీరమైతే ఒంటి బరువు కిలోకి 40 యూనిట్లు, మనిషి సీరమైతే 20. 30 కిలోల పిల్లకి గుర్రపు సీరం 1200 యూనిట్లు కావాలి. మి.లీ.కి 300 యూనిట్లుండే వయల్ అయితే 4 మి.లీ. అన్నమాట.

ఈ క్లినిక్ మార్కులు పోగొట్టుకున్నది ఇక్కడే. గాయం చుట్టూ నాలుగు చుక్కలు పొడిచి, మిగతాదంతా తొడ కండకి ఎక్కించేస్తున్నారు. నొప్పికి పిల్లలు ఏడుస్తారన్నది వాళ్ళ సాకు. తొడలో వేసిన సీరం కాటు దగ్గరకి చేరేది బహు తక్కువ. కాట్లు ఎక్కువుండి మందు చాలకపోతే సెలైన్ కలిపి పలచన చేసి ప్రతి గాయానికీ అందించాలి, అదీ చెయ్యరు. గుర్రపు సీరం కొందరికి పడదు కాబట్టి అడ్రినలిన్ పక్కనే ఉంచుతారు, వేశాక కాసేపు కూర్చోబెడతారు. ఆ జాగ్రత్తకి మాత్రం వంక పెట్టలేం.

ఇంకోటి. పొడిలో నీళ్ళు కలిపిన టీకా వయల్‌ని 6 నుంచి 8 గంటల్లో వాడెయ్యాలి, లేదంటే పారబొయ్యాలి. అందుకని, "సాయంత్రం రండమ్మా, ఇంకో ఇద్దరొస్తే విప్పుతాం" అంటారు. వాళ్ళ నష్టం వాళ్ళది గానీ, 0 రోజున ఈ మాట వినక్కర్లేదు. నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళిపోండి, అక్కడ టీకా ఉచితం. సీరం ఉందో లేదో కూడా అప్పుడే అడగండి. టీకా మొదలై 7 రోజులు దాటితే ఒంట్లో సొంత యాంటీబాడీలు పుట్టడం మొదలవుతుంది, ఇక సీరం వెయ్యరు.

ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంది, థర్మామీటరు కనబడేలా పెట్టారు. ఛార్జీల పట్టిక మాత్రం ఎక్కడా కనబడదు.

కార్డు మీద తేదీలు తప్ప ఏమీ రాయరు. టీకా పేరు, బ్యాచి నంబరు, చర్మంలోకా కండలోకా అన్నది అడిగి రాయించుకోండి. కోర్సు పూర్తయినవాళ్ళని మళ్ళీ కుక్క కరిస్తే జ్ఞాపక కణాలు చప్పున లేస్తాయి కాబట్టి 0, 3 రోజుల్లో రెండు విడతలు చాలు, సీరం అక్కర్లేదు. ఆ సంగతి డాక్టరుకి రుజువు చేసేది ఆ కార్డే.